గోథిక్ కమాను, కిరికిరి చాయ్

ముప్పై నాలుగేళ్ళకే రిటైర్మెంట్ ఏంటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. పదకొండేళ్ళ మౌసుకీ, అంతకంటే ఎక్కువ ఏళ్ళ ఫోనుకీ కలిపి నా కుడి బొటనవేలు, మణికట్టు అరిగిపోయాయి. రెండు ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడు గంట గీస్తే గంటన్నర నొప్పి. గంట మాత్రమే గీసే డ్రాఫ్టింగ్ మనిషిని ఏ కంపెనీ పెట్టుకోదు. ఇది కూడా ఫోన్‌కి చెప్పి రాయిస్తున్నాను. అది తప్పుగా విన్నప్పుడల్లా తిడుతున్నాను. దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మా ఫ్లాటు గోడలు పలచన. పక్కింటావిడ నేను మా ఆయన్ని తిడుతున్నాననుకుంటోంది.

డిప్లొమా అయిన పిల్లలు నాకు మెసేజ్‌లు పెడతారు. "అక్కా, ఖతార్‌లో డ్రాఫ్టింగ్ ఎలా ఉంటుంది? ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" ఏదో ఒకటి నేర్చుకోండి, ఎలాగూ రెండేళ్ళకి మారిపోతుంది. నేను చెప్పాలనుకున్నది వేరే. ఒక కప్పు గురించి, ఒక ఫోర్‌మన్ గురించి, నేను వినని రెండు నిమిషాల నలభై సెకన్ల గురించి.

పని అసలు ఇదీ

దోహాలో మీరు ముందు నిలబడి ఫోటోలు దిగే విల్లాల స్తంభాలు, కమాన్లు, పూల తీగలు చాలావరకు రాయి కావు. గాజు నారలు కలిపిన సిమెంటు. వేలు మందం పెంకు, లోపల డొల్ల. వెనక ఇనుప ఫ్రేము ఉంటుంది, దానికి తగిలిస్తారు. అల్ ఘర్రాఫాలో ఒక వీధి వీధంతా నేను గీసిన రోమన్ స్తంభాలే. వాటిలో ఒక్కటీ దేన్నీ మోయదు.

ఇందులో చేరినప్పుడు నాకు అదేం తప్పనిపించలేదు. విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్లో పెరిగినదాన్ని. నోరు పెద్దది, ఓపిక చిన్నది. క్లయింటు ఫోన్లో బొమ్మ చూపిస్తాడు, నేను నా ఫోన్లో ఇంకో పది వెతుకుతాను, సాయంత్రానికి గీసేస్తాను. వేగంగా గీస్తానని పేరు. ఆ పేరు చూసుకుని పొగరు.

అర ఫాదర్

అచ్చులు చేసే షెడ్డుకి ఫోర్‌మన్ జోజయ్య గారు. గుడివాడ వైపు మనిషి. కుర్రతనంలో ఫాదర్ అవుదామని సెమినరీలో చేరి, మూడేళ్ళు తత్వశాస్త్రం చదివి, మానేసి వడ్రంగం పట్టారు. షెడ్డులో ఆయన వెనక అందరూ 'అర ఫాదర్' అనేవాళ్ళు. ఎదురుగా మాత్రం ఫాదర్ సాబ్.

ఆయన షెడ్డుకి ఒక పద్ధతి ఉంది. ఏ అచ్చు పోసే ముందైనా పొద్దున ఆరింటికి డ్రాయింగ్‌ని ప్లైవుడ్ మీద పరిచి, చుట్టూ పనివాళ్ళందరినీ నిలబెడతారు. ఒక్కొక్కరూ ఆ డ్రాయింగ్‌లో ఒక తప్పు పట్టాలి. గీసినవాళ్ళు ప్రతిదానికీ జవాబు చెప్పాలి. జవాబులన్నీ అయ్యేదాకా గీసినవాళ్ళకి టీ లేదు. ఫ్లాస్కులోంచి ఇక్కడి చిక్కటి కరక్ చాయ్ అందరి కప్పుల్లోకీ పోస్తారు, మన కప్పు ఒక్కటే ఖాళీ. నిజామాబాద్ నుంచి వచ్చిన పోశెట్టి దానికి పేరు పెట్టాడు, కిరికిరి చాయ్. బిగింపు గ్యాంగుకి మేస్త్రీ అతను. యాభై దాటిన మనిషి. అందరికంటే ఎక్కువ కిరికిరి అతనిదే.

"మేడం, గీ మూల బోల్టు పెట్టినవ్. మంచిదే. మరి పాన పట్టెటోని చెయ్యి యాడికెళ్ళి పోవాలె? వానికి మూడో మోచెయ్యి ఉన్నదా?"

అందరూ నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. కానీ చెయ్యి నిజంగానే పట్టేది కాదు.

ఒకరోజు జోజయ్య గారినే అడిగేశాను, ఈ తంతు ఎక్కడ నేర్చుకున్నారని.

"సెమినరీలో చదివించిన లాటిన్ పుస్తకాలు రాసిన పాతకాలపు యూరప్ పంతుళ్ళ దగ్గరమ్మా," అన్నారాయన, పెన్సిల్ చెక్కుకుంటూ. "ఆ రోజుల్లో ఒకడు తన మాట నిలబెట్టాలంటే ముందు దాన్ని పడగొట్టేవాళ్ళ మాటలు తనే రాయాలి. అదీ తేలిగ్గా కాదు, వాళ్ళకంటే గట్టిగా. ఆ తర్వాత తన మాట. ఆ తర్వాత ఒక్కోదానికీ విడివిడిగా జవాబు. పుస్తకం ఎక్కడ తెరిచినా నువ్వు ఏ గదిలో ఉన్నావో, అది ఏ ఇంట్లో గదో తెలిసిపోతుంది."

"దానికీ మన అచ్చులకీ ఏంటి సంబంధం మాస్టారూ?"

ఆయన ప్లైవుడ్ మీద ఒక గుండ్రం గీసి, దాని చుట్టూ చిన్న చిన్న గుండ్రాలు గీశారు. "ఇది వాళ్ళ కాలపు గోథిక్ చర్చిలో ఒక స్తంభం అడుగు. పైన కప్పు ఎలా ఉందో చెప్పు."

"అడుగు చూసి కప్పు ఎలా చెప్తాం?"

"చెప్పగలగాలి. ఈ లావుపాటిది అడ్డంగా వెళ్ళే కమానుది. ఈ సన్నవి రెండూ మూలలకి వెళ్ళే రిబ్బులవి, కప్పుకి పక్కటెముకలనుకో. కింద ప్రతి గీతకీ పైన ఒక పని ఉంది. బయట గోడకి ఆనించిన కమాను చూస్తే లోపలి కప్పు గోడని ఎక్కడ నెడుతోందో తెలిసిపోతుంది. ఆ బరువు బయటికి పోయింది కాబట్టే గోడలో రాయి తీసి గాజు పెట్టారు. వెలుతురంటే దేవుడికి దగ్గర చుట్టమని వాళ్ళ నమ్మకం. వాదం ఎలా నడిచిందో దాచకుండా గోడ మీద చూపించడమమ్మా అది."

నేను అప్పటికే ఫోన్లో వెతుకుతున్నాను. "రాళ్ళు కొట్టినవాళ్ళకి లాటిన్ రాదు కదా! ఇదంతా తర్వాతివాళ్ళు అల్లిన కథ అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంకోటి వినండి. యుద్ధాల్లో దెబ్బతిన్న చర్చిల్లో కొన్నిచోట్ల రిబ్బులు రాలిపోయినా కప్పు నిలిచిందట. అంటే రిబ్ మోయట్లేదు. ఊరికే చూపిస్తోంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా, అభ్యంతరం చెప్పావు! ఒరేయ్, అమ్మాయికి టీ పొయ్యండి." నా కప్పు నిండాక, "మేస్త్రీ చదవలేదు, నిజమే. కానీ పంతులూ మేస్త్రీ ఒకే సంతలో తిరిగారు. తగువుపడే పద్ధతి ఊరి గాలిలో ఉంటుంది. మన పోశెట్టి ఏ పుస్తకం చదివాడు? ఇక రిబ్ మోస్తుందా, చూపిస్తుందా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అది అలా ఉండనీ."

జవాబు లేదని నాతో చెప్పిన మొదటి బాస్ ఆయనే. ఆయన చెప్పినదంతా నేను ఇప్పటికీ ఒప్పుకోను. పుస్తకానికీ గుడికీ అంత చక్కగా పొంతన కుదిరిందంటే ఎవరో కుదిర్చారనే నా అనుమానం. కానీ పద్ధతి మాత్రం నిజం. తప్పు పట్టేవాడికి ముందు మాట ఇచ్చిన పని నిలబడుతుంది.

ఉమ్ సలాల్ హాలు

దోహా పక్కన ఉమ్ సలాల్‌లో తోట ఉన్న ఒక పెద్దాయన తన ఇంట్లో ఆడవాళ్ళ మజ్లిస్‌కి, అంటే అతిథులు కూర్చునే హాలుకి, గోథిక్ కప్పు కావాలన్నాడు. ఆయన భార్య వైద్యం కోసం యూరప్‌లో నెలల తరబడి ఉన్నారట. ఆమె రోజూ మధ్యాహ్నం ఒక పాత చర్చిలో బల్ల మీద కూర్చుని మోకాళ్ళకి విశ్రాంతి ఇచ్చేదట. "అక్కడ తల ఎత్తితే నొప్పి మర్చిపోయేది. నాకు ఆ కప్పు చాలు," అన్నాడు. ఫోన్లో ఫోటో చూపించాడు.

సరే. ఇక్కడ ఎండని బయట ఆపడమే ఇల్లు కట్టడం. కాబట్టి కిటికీలు ఉత్తుత్తివి. రంగు ప్లాస్టిక్ వెనక ఎల్‌ఈడీ. రిబ్బులు ఎనిమిది, అన్నీ పై స్లాబు నుంచి రాడ్లతో వేలాడేవే. అవన్నీ కలిసే చోట నడిమి దిమ్మ. దిమ్మ నుంచి పెద్ద షాండ్లియర్.

ఆ పని జోజయ్య గారికి చివరిది. అయిపోగానే ఊరెళ్ళిపోతారు. వాళ్ళ ఊరి దగ్గర చర్చివాళ్ళు నడిపే ఐటీఐలో వడ్రంగం నేర్పడానికి పిలిచారు. కంపెనీ నుంచి మంచి లెటర్ ఒకటి తీసుకెళ్ళాలి. ఇరవై ఆరేళ్ళలో ఆయన సంతకం పెట్టిన అచ్చు ఒక్కటీ వెనక్కి రాలేదు. మనిషికి ఉన్న ఆస్తంతా ఆ మాటే.

నా గ్రూపు

ఆ హాలు డ్రాయింగ్‌ల మొదటి కిరికిరి చాయ్ దగ్గరే గొడవైంది. పోశెట్టి వరసగా నాలుగు తప్పులు పట్టాడు. ఐదోదానికి నోరు తెరిచేసరికి నేను అరిచాను.

"అసలు నీకు డ్రాయింగ్ చదవడం వచ్చా?"

పోశెట్టి కప్పు ప్లైవుడ్ మీద పెట్టాడు. "రాదు మేడం," అన్నాడు. "ఏలాడదీసుడు వస్తది." అంతే. ఆ తర్వాత మూడు రోజులు చాయ్ దగ్గర నోరు విప్పలేదు.

నాకు సారీ చెప్పడం రాదు. దాని బదులు గ్రూపు పెట్టాను. ఇక పొద్దున్నే నిలబడక్కర్లేదు, డ్రాయింగ్ ఫోటో గ్రూపులో పెడతా, తప్పుంటే మెసేజ్ పెట్టండి, లేకపోతే బొటనవేలు బొమ్మ పెట్టండి అన్నాను. జోజయ్య గారిది బటన్ల ఫోను. ఆయన గ్రూపులో లేరు.

నడిమి దిమ్మ డ్రాయింగ్ పెట్టిన మధ్యాహ్నం బొమ్మలు టపటపా పడ్డాయి. పోశెట్టి దగ్గర్నుంచి మాత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది. రెండు నిమిషాల నలభై సెకన్లు. రెండు నిమిషాలు నిలబడి అతని సాధింపు వినే ఓపిక నాకెక్కడిది? దాని మీద నేనే ఒక బొటనవేలు బొమ్మ నొక్కేశాను.

కాగితం తీసుకుని జోజయ్య గారి దగ్గరికి వెళ్ళాను. 'అభ్యంతరాలన్నీ తీరాయి' అని ఉన్నచోట ఆయన సంతకం కావాలి.

"అందరూ ఓకే అన్నారు మాస్టారూ."

ఆయన పెన్ను తీసి ఆగారు. "పోశెట్టి కూడానా?"

"పోశెట్టి కూడా."

సంతకం పెట్టారు.

ఇసుక బస్తాలు

పిల్లలూ, ఒక్క మాట రాసుకోండి. డ్రాయింగ్ మూలన 'సైట్‌లో చూసి సరిచేసుకోవాలి' అని ఎప్పుడూ రాయకండి. అది గీసేవాళ్ళ సోమరితనం, ఇంకేం కాదు. దిమ్మని మోసే రాడ్ల దగ్గర నేను అదే రాశాను. సైట్‌లో చూశారు. రాడ్లు రావాల్సిన చోట ఏసీ డక్టు వెళ్తోంది. అప్పుడు పోశెట్టి గ్యాంగు వేరే వైపు రిబ్బులు బిగిస్తోంది. ఉన్నవాళ్ళు దిమ్మని పక్క రిబ్బులకే బోల్టులు వేసి తగిలించి, పైన మూసేశారు. కింద నుంచి చూస్తే బొమ్మ అచ్చు పెద్దాయన ఫోటోలోలాగే ఉంది.

షాండ్లియర్ పెట్టే ముందు దాని బరువంత ఇసుక బస్తాలు కట్టి చూస్తారు. ఆ రోజు నేనూ వెళ్ళాను, వీడియో తీసుకుందామని. పోశెట్టి హాలు మధ్యలోకి వచ్చి, తలెత్తి దిమ్మ చూసి, చేతులు చాపి తన మనుషుల్ని వెనక్కి తోశాడు.

"అందరు పక్కకు నడువుండ్రి. యల్లా! బస్తాలు గోడ కాడి నుంచి తాడుతోని గుంజుండ్రి."

"ఎందుకు? అందరూ ఓకే చేశారు కదా," అన్నాను నేను.

"నా మాటకు జవాబ్ రాలే మేడం. జవాబ్ రానిదాని కింద నేను నిలవడ. మావోళ్ళను నిలవడనియ్య."

నాలుగో బస్తాకి చప్పుడు వచ్చింది. పెద్దదేం కాదు, అప్పడం విరిగినట్టు. ఒక రిబ్ కొస రాలింది, దాని వెంట ఇంకోటి, దిమ్మ జానెడు కిందికి జారి ఒక్క బోల్టు మీద వేలాడింది. బస్తాలు నేల మీద పగిలాయి. ఒక నిమిషం ముందు అక్కడ ఆరుగురు ఉన్నారు.

నేను వెంటనే చేసిన పని ఏంటో తెలుసా? పోశెట్టి మీద అరిచాను. "ముందే చెప్పి చావొచ్చు కదా!"

అతను నా చేతిలో ఫోన్ వైపు చూశాడు. "చెప్పిన గద బిడ్డా. నీ చేతులనే ఉన్నది."

తర్జుమా

మర్నాడు సైట్ క్యాబిన్‌లో మీటింగ్. ప్రాజెక్ట్ మేనేజరు, కన్సల్టెంటు, జోజయ్య గారు, నేను. పోశెట్టిని పిలవలేదు. లేబర్‌ని మీటింగ్‌లకి పిలవరు. జోజయ్య గారికీ నాకూ తప్ప అక్కడ ఎవరికీ తెలుగు రాదు.

మేనేజరు కాగితం తిప్పి పెట్టాడు. "అభ్యంతరాలు లేవని ఫోర్‌మన్ సంతకం చేశాడు. అంటే ఇది ఫోర్‌మన్ తప్పు. రిపోర్టు అలాగే వెళ్తుంది."

జోజయ్య గారు తన సంతకం వైపు చూస్తూ కూర్చున్నారు. నేను చెప్పిన అబద్ధం పోశెట్టి ద్వారా ఆయనకి అప్పటికే తెలుసు. ఆయన నోరు తెరవరని నాకు అర్థమైంది. లెటర్ పోతుంది, ఐటీఐ పోతుంది, అయినా తెరవరు.

"ఒక అభ్యంతరం వచ్చింది," అన్నాను. ఫోన్ టేబుల్ మీద పెట్టి స్పీకర్ ఆన్ చేశాను. నేనూ అప్పుడే మొదటిసారి వింటున్నాను.

"మేడం, పోశెట్టిని మాట్లాడుతున్న. నడిమి దిమ్మ ముచ్చట. రాడ్లకు జాగ లేదు, గాడ ఏసీ డక్టు వస్తది, నేను కండ్లార చూసిన."

ఆపాను. ఇంగ్లీషులో చెప్పాను. మేనేజరు రాసుకున్నాడు.

"నువ్వేమో సైటుల చూసుకోండ్రి అని రాసినవ్. సైటోళ్ళు ఏం జూస్తరు? రిబ్బులకే బోల్టు కొట్టి ఏలాడదీస్తరు."

చెప్పాను.

"మా తాత మెదక్ చర్చి కాడ రాళ్ళు మోసిండు. గాయన చెప్పేటోడు, కమాన్ల నడిమి రాయి ఎవనికీ ఏలాడదు, అందరు ఒకర్నొకరు నూకుకుంట నిలవడ్తరు అని. ఇక్కడ దిమ్మ నూకుతలేదు మేడం, గుంజుతది. డొల్ల పెంకును గుంజితె ఏమైతది?"

బొమ్మ అదే, బలం తలకిందులు: అక్కడ నెట్టేది ఇక్కడ లాగుతోంది. తత్వశాస్త్రం చదివిన జోజయ్య గారికీ, పది వేల ఫోటోలు చూసిన నాకూ తట్టలేదు. తాత నోటి నుంచి విన్న పోశెట్టికి తట్టింది. ఇక్కడ నేను మాట మార్చి ఉండొచ్చు. 'బాగానే ఉంది అంటున్నాడు' అని ఉంటే ఆ గదిలో ఎవరు కాదంటారు? మార్చలేదు. అదేదో గొప్ప అని చెప్పట్లేదు. పక్కన జోజయ్య గారు కూర్చున్నారు, అంతే.

ఇంకా ఇరవై సెకన్లు ఉంది.

"గీ ముచ్చట ఎదురుంగనే చెప్పాలె. గని మేడంకు కోపం ముక్కు మీదుంటది. అందరి ముందట గంత మాట అన్నది. అందుకే ఫోన్ల చెప్తున్న. ఇన్నంక జవాబ్ చెప్పు, చాయ్ నేనే పోస్త."

"అంతే. జవాబు అడిగాడు, నేను ఇవ్వలేదు," అన్నాను ఇంగ్లీషులో. ఫోన్ తీసుకోబోయాను.

అప్పుడు జోజయ్య గారు మొదటిసారి మాట్లాడారు. తెలుగులో, మెల్లగా. "ఒక ముక్క వదిలేశావమ్మాయ్."

"అది పనికి సంబంధించింది కాదు మాస్టారూ."

"పనంతా అదే."

మేనేజరు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. చెప్పాను. నాకు కోపం ఎక్కువ కాబట్టి ఆ మనిషి ఎదురుగా చెప్పడానికి వెనకాడాడని, పది మందిలో అతన్ని అవమానించానని, అందుకే ఇది ఫోన్లో వచ్చిందని, ఫోన్లో వచ్చింది కాబట్టే నేను వినలేదని. మేనేజరు అదీ రాసుకున్నాడు.

ఫ్లాస్కు

నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. ఏడాది పాటు నా డ్రాయింగ్ ఇంకొకరు చూడకుండా బయటికి వెళ్ళకూడదన్నారు. జోజయ్య గారికి ఆయన లెటర్ ఇచ్చారు, కాకపోతే పొగడ్తలు కాస్త తగ్గాయి. "వినకుండా సంతకం పెట్టింది నేనే కదమ్మా, తగ్గాలి," అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలిక పడేదాన్ని. ఊరెళ్ళాక ఒకసారి ఫోన్ చేశారు, కుర్రాళ్ళు అభ్యంతరం చెప్పమంటే సిగ్గుపడుతున్నారని.

ఆ తర్వాత ఐదేళ్ళు పనిచేశాను. బోలెడు స్తంభాలు, బోలెడు కమాన్లు. గుర్తున్నవి తక్కువ. ఆ హాలు మాత్రం గుర్తుంది.

జోజయ్య గారు ఇంకా ఊరెళ్ళకముందు, ఆ హాలుకి గీసిన కొత్త డ్రాయింగ్‌తో షెడ్డుకి వెళ్ళిన రోజు గ్రూపు తీసేశాను. ప్లైవుడ్ మీద కాగితం పరిచాను. అందరి ముందూ పోశెట్టితో, "మొన్న నేను అన్నది తప్పు," అన్నాను. అతను విననట్టే, "ఫాదర్ సాబ్, మొదలువెడ్దమా?" అన్నాడు. ఏడు తప్పులు పట్టాడు. ఆరింటికి జవాబు చెప్పాను. దిమ్మకి స్లాబు నుంచి విడిగా ఫ్రేము, డక్టు పక్కకి, రిబ్బులకీ దిమ్మకీ మధ్య వేలెడు సందు.

ఏడోది ఇదీ. "మేడం, ఇంత చేస్తిమి. మరి రిబ్ ఏం మోస్తది?"

"ఏమీ మోయదు."

"మరెందుకు?"

"మోస్తున్నట్టు చూపించడానికి."

"గదైతె అబద్ధం గద."

"అవును," అన్నాను. జోజయ్య గారు కాగితం మీద ఏడో అంకె వేసి, దాని ఎదురుగా ఖాళీ వదిలి, కింద సంతకం పెట్టారు. ఆ పొద్దున నా కప్పు ఖాళీగానే ఉండిపోయింది.

మళ్ళీ బస్తాలు కట్టిన రోజు హాల్లో అందరూ గోడల దగ్గరే నిలబడ్డారు. పెద్దాయన గుమ్మంలో కుర్చీ వేయించుకున్నాడు. నాలుగో బస్తా, ఐదో బస్తా, మొత్తం బరువు. ఏ చప్పుడూ లేదు. పోశెట్టి నడుచుకుంటూ మధ్యకి వెళ్ళాడు. సరిగ్గా దిమ్మ కింద నిలబడి, తలెత్తి చూశాడు.

తర్వాత తల దించకుండానే కేకేశాడు. "ఏయ్, ఫ్లాస్కు తీస్కరాండ్రి. మేడం కప్పు ఖాళీగున్నది."

చాయ్ అప్పటికే చల్లారిపోయింది. అతని పక్కనే నిలబడి తాగాను.